పటిక మూట

పెద్దమామా గదిలో హీటరు చల్లబడిపోయిందని ముందు కనిపెట్టింది దీనమ్మే. పొద్దున్నే లేచి, మంచం పక్కన నేల మీద పరుచుకున్న తన పరుపు చుట్టబెడుతూ, అలవాటు కొద్దీ గోడకి బిగించిన ఇనప హీటరు మీద అరచెయ్యి పెట్టింది. రోజూ అయితే చురుక్కుమని చెయ్యి లాగేసుకునేది. ఆ వేళ ఇనుము నూతి గట్టులా చల్లగా తగిలింది. పైనా కిందా తడిమి చూసింది. అడుగున ఎక్కడో కాస్త గోరువెచ్చగా ఉన్నట్టనిపించింది. అదీ భ్రమేనేమో.

కువైటంటే మన ఊళ్ళల్లో ఎండలే అనుకుంటారు. అలా అనుకునేవాళ్ళని జనవరిలో ఒక్క పూట తీసుకొచ్చి, ఈ ముబారక్ అల్ కబీర్ పేట మేడల్లో పాలరాతి నేల మీద వట్టి కాళ్ళతో నిలబెట్టాలి. ఎడారి మీంచి వచ్చే గాలి తలుపు సందుల్లోంచి దూరి ఎముకల్ని పట్టుకుంటుంది. అందుకే ఆ ఇంటి పెద్దాయన ఇల్లు కట్టించినప్పుడే కింద బాయిలరు పెట్టించి, గదిగదికీ గోడల్లోంచి వేడినీళ్ళ పైపులు వేయించాడు. బాయిలర్లో కాగిన నీళ్ళు ప్రతి గదిలో హీటరులోంచీ తిరిగి, గదిని వెచ్చబెట్టి, మళ్ళీ బాయిలరుకే పోతాయి. ఆ పెద్దాయన ఇప్పుడు లేడు. ఆయన భార్యే పెద్దమామా. కోడలు మామా. ఇక్కడ పనివాళ్ళు ఇంటావిణ్ణి అలాగే పిలుస్తారు. ఆ ఇద్దరి మధ్యా, పెద్దమామా మంచానికీ గోడకీ మధ్య ఉన్న ఆ కాస్త జాగాలో, దీనమ్మ కాపురం.

"బర్ద్, దీనా, బర్ద్," అని మూలిగింది పెద్దమామా. చలి, చలి అని. తరవాత దగ్గు అందుకుంది. దీనమ్మ రెండో దుప్పటి కప్పి, మంచం చివర కూర్చుని, ఆవిడ పాదాలు రెండూ తన అరచేతుల్లో పెట్టుకుని రుద్దింది. పాదాలు వెచ్చబడేలోపు దీనమ్మ చేతులు చల్లబడ్డాయి.

అప్పుడే మామా లోపలికొచ్చింది. ఉద్యోగానికి బయల్దేరుతున్న మనిషి, పైన నల్లటి అబాయా తొడుక్కుని, చేతిలో కారు తాళాలు పట్టుకుని ఉంది. అత్తగారి దగ్గు విని మొహం చిట్లించి, తిన్నగా వెళ్ళి హీటరు ముట్టుకుంది.

"దీన్నెవరు కట్టేశారు?" అంది అరబ్బీలో. అని దీనమ్మ వంక చూసింది.

ఆ చూపే కొంప ముంచింది. ఇన్నేళ్ళ నమ్మకం ఒక్క చూపుతో పోయేలా ఉంది. దీనమ్మ నోటికి ఏదొస్తే అది అనేసింది.

"నేను ముట్టుకోలేదు మామా. ఫ్లోరెన్స్ నిన్న ఏదో తిప్పుతుంటే చూశాను."

అబద్ధం కాదది. నిన్న మధ్యాహ్నం ఆ పిల్ల హీటరు పక్కన గొంతుక్కూర్చుని నాబు మీద చెయ్యేసి ఉండడం దీనమ్మ కళ్ళారా చూసింది. కాని ఎందుకు తిప్పుతున్నావని అడగలేదు. ఇప్పుడు అడగకుండానే చెప్పేసింది.

ఫ్లోరెన్స్ సరిగ్గా అప్పుడే పెద్దమామా పళ్ళెం పట్టుకుని గుమ్మంలోకొచ్చింది. నరసాపురం పిల్ల. వచ్చి ఇంకా ఆరు నెలలు కాలేదు. అరబ్బీ నాలుగు ముక్కలు వచ్చు, అవీ నీళ్ళు, చాయ్, రా, పో. మామా నిలదీసేసరికి మాటలు దొరక్క, పళ్ళెం బల్ల మీద పెట్టి, గాలిలో వేళ్ళు తిప్పి చూపించింది. ఇలా తిప్పాను, గది ఇంకా వెచ్చగా ఉంటుందని తెరిచాను అని ఆ పిల్ల భావం. మామాకి మాత్రం తిప్పుతున్న చెయ్యే కనపడింది. తెరిచినా మూసినా వేళ్ళు తిరగడం ఒకటేగా. ఎందుకు తిప్పిందో అరబ్బీలో చెప్పగలిగిన మనిషి ఆ గదిలో దీనమ్మ ఒక్కతే. ఆవిడ పెద్దమామా దుప్పటి సర్దుతూ ఉండిపోయింది.

మామా తనే వంగి నాబు అటూ ఇటూ తిప్పింది. ఎటు తిప్పినా హీటరు వేడెక్కలేదు. "పాడుచేసింది," అని నడుం నిఠారుగా చేసింది. "ఖలాస్."

మామా ఖలాస్ అంటే అయిపోయినట్టే. కొత్తగా వచ్చినవాళ్ళని కొన్నాళ్ళలోపు మక్తబుకి, అదే మనుషుల్ని తెప్పించే ఆఫీసుకి, వెనక్కిచ్చేయొచ్చు. బజార్లో కొన్న మిక్సీకి గ్యారంటీ ఉన్నట్టు మనిషికీ ఉంది.

ఫ్లోరెన్స్ మేడ మీద ఆరేసిన బట్టలు తెచ్చుకుని, తడివి తడిగానే సంచీలో కుక్కుకుంది. ఏడవలేదు. ఆ పిల్ల దేనికీ గట్టిగా ఏడవదు. పింగాణీ పళ్ళెం పగిలిపోయి తిట్లు పడ్డ రోజునా, జీతం ఆలస్యమైన రోజునా "పోన్లెండాంటీ" అనేది. దీనమ్మ విసుక్కున్నా అదే మాట. ఒక్కోసారి ఆ మాట వింటే దీనమ్మకి ఒళ్ళు మండేది. ఇంకా చెప్పాలంటే, ఈ మధ్య పెద్దమామా తల దువ్వించుకోవడానికి దీనమ్మని కాక "బింత్", అంటే పిల్లా, అని ఫ్లోరెన్స్‌నే పిలుస్తోంది. జడ అల్లుతూ ఫ్లోరెన్స్ సన్నగా కీర్తన తీస్తుంటే ముసలావిడ కళ్ళు మూసుకుని వింటోంది. అది దీనమ్మకి నచ్చలేదు. లోపల ఎక్కడో గుచ్చుకుంది.

"ఆంటీ, నేను మూయలేదాంటీ. ఎక్కువ చేద్దామని తిప్పేను. మీరు చెప్పండి మామాకి, మీ మాటయితే వింటారు."

"ఇప్పుడు మాటాడితే ఇంకా కోపమొత్తాది. రెండ్రోజులు పోనీ, నేను చెప్తాను కదా."

"వెనక్కొచ్చినోళ్ళని ఇళ్ళకి పంపరంటాంటీ. ఎడారిలో కబ్ద్ తోటలకి పంపేత్తారంట. అక్కడ ఆడోళ్ళెవరూ ఉండరంట. చర్చి కూడా ఉండదు." ఆ పిల్ల సంచీ జిప్పు లాగుతూ, ఇంకేదో గుర్తొచ్చి ఆగింది. "అన్నట్టు ఆంటీ, మేడ మీద చిన్న ట్యాంకులో మీ పటిక మూట లేదు. తాడొక్కటే వేలాడతంది."

"కరిగిపోయుంటాది. ముందు నీ సంగతి చూసుకో."

"పోన్లెండాంటీ," అంది ఫ్లోరెన్స్. దేన్ని గురించి అందో తెలీదు. కింద డ్రైవరు హారను కొట్టాడు.

*

మర్నాడు పొద్దున్న హీటరు బాగుచేసే మనిషి వచ్చాడు. పేరు సుబ్బన్న. నడివయసు మనిషి, మోకాలి మీద అతుకు వేసిన ప్యాంటూ, పనిముట్ల సంచీ. దీనమ్మ అరబ్బీలో ఏదో చెప్పబోతే వినీ వినకుండానే నవ్వాడు.

"అక్కా, మనోళ్ళేనా? మాది రాయచోటి పక్కన. తెలుగులో చెప్పు, ఏమైందో."

దీనమ్మ చెప్పింది. ఎవరో నాబు మూసేశారని మామా అంటోందనీ, తరవాత ఎటు తిప్పినా పనిచెయ్యలేదనీ. 'ఎవరో' అన్న మాట దగ్గర ఆవిడ గొంతు సన్నబడింది. సుబ్బన్న మోకాళ్ళ మీద కూర్చుని నాబు చూశాడు, నాబు ఊడదీసి లోపలి ఇనప ముల్లు వేలితో నొక్కాడు. అది లోపలికి దిగి మళ్ళీ పైకి లేచింది.

"ఇది తెరిచే ఉండాది కదక్కా. చెడిపోనూ లేదు. ఎవురూ మూయలేదు దీన్ని."

దీనమ్మ పెద్దమామాకి వేణ్ణీళ్ళ సీసా కాళ్ళ దగ్గర పెట్టి, దుప్పటి అంచు మడిచింది. మడిచిన అంచే మళ్ళీ మడిచింది.

సుబ్బన్న హీటరు పైమూల ఉన్న చిన్న మరకి తాళంలాంటిది తగిలించి తిప్పాడు. కింద గ్లాసు పట్టుకున్నాడు. బుస్సుమని గాలి వచ్చింది. వస్తూనే ఉంది. చివరికి అదీ సన్నగిల్లి ఆగిపోయింది. గ్లాసులో చుక్క నీరు పడలేదు.

"గాలి పోయినాక దాని ఎనకాల నీళ్ళు రావాల. రాలేదంటే ఈ పెట్టెలో నీళ్ళే లేవు. ఒట్టి ఇనుము ఎట్ల కాగుతాది?"

కింద గదుల్లో హీటర్లు ముట్టుకుని వచ్చాడు. అన్నీ కాలుతున్నాయి. పై అంతస్తులో ఉన్నవే చల్లబడ్డాయి, అందులో ఆ కొసనున్న పెద్దమామా గది మరీను. నీళ్ళని పైకి తోసే పంపు అలిసిపోయిందని ఆయన లెక్కేసుకున్నాడు. బాయిలరు గదిలో కూర్చుని ఆ పూటంతా పంపు విప్పి, కడిగి, చక్రం వేలితో తిప్పి చూసి, మళ్ళీ బిగించాడు. పంపుకి ఏ రోగమూ లేదు. మళ్ళీ పైకొచ్చి మర తిప్పితే అదే గాలి, అదే ఎండు గ్లాసు.

"ఒట్టి పుణ్యానికి ఇప్పినానక్కా పంపును. పెద్ద తెలిసినోని మాదిరి," అని తన తల తానే మొట్టుకున్నాడు. దీనమ్మ ఇచ్చిన చాయ్ తాగుతూ గోడ వంక, పైకప్పు వంక చూశాడు. "పైన ట్యాంకు యాడుండాది?"

"మేడ మీదండి. రెండున్నాయి. తెల్లది పెద్దది, ఇంటి నీళ్ళకి. చిన్నది ఇటు వైపుంటాది, పెద్దమామా బాత్రూముకి."

"బాత్రూముకు ఇంకో ట్యాంకా?" సుబ్బన్న గ్లాసు కింద పెట్టాడు. "పా, చూద్దాం."

*

మేడ మీద ఎండ ఉంది గాని వేడి లేదు. ఫ్లోరెన్స్ తీసుకోవడం మరిచిపోయిన చున్నీ ఒకటి తీగ మీద ఇసక పట్టి, గాలికి కొట్టుకుంటోంది. చిన్న ట్యాంకు మెట్ల గది పక్కన ఇనప బల్ల మీద ఉంది. సుబ్బన్న మూత ఎత్తాడు. ట్యాంకు నిండా నీళ్ళు, ఎర్రగా, అంచు దాకా.

అంచుకి కట్టిన పురికొస ఒకటి నీళ్ళలోకి వేలాడుతోంది. చివర ఏమీ లేదు.

దీనమ్మ ఆ పురికొస వంక చూసింది. ఇసక తుఫాను వచ్చిన ప్రతిసారీ ఈ ట్యాంకు మూత ఎగిరిపోయేది. ఓసారి మూత వెయ్యడానికని వచ్చి లోపలికి చూస్తే ఎర్రటి బురదనీళ్ళు. అయ్యో, ఈ నీళ్ళతోనా నేను పెద్దమామాకి ఒళ్ళు తోముతున్నది అని ప్రాణం ఉసూరుమంది. కోనసీమలో కాలవ నీళ్ళు తాగి పెరిగిన మనిషి. బురదనీళ్ళు కనబడితే అక్కడ ఎవరూ ఎవర్నీ అడగరు, బిందెలో పటిక తిప్పుతారు. అంత ట్యాంకులో తిప్పడం ఎలాగ? అందుకని తన పాత పసుపుపూల వాయిలు చీర చింపి, గుప్పెడు పటిక ముక్కలు మూట గట్టి, పురికొసతో వేలాడదీసింది. రెండ్రోజులకి బాత్రూములో కుళాయి నీళ్ళు తేటగా వచ్చాయి. తన పటిక వల్లేనని మురిసిపోయి ఫ్లోరెన్స్‌కి కూడా చూపించింది. ఆ తరవాత అప్పుడప్పుడూ కొత్త మూట కట్టేది.

"ఇది పోసుకునే నీళ్ళది కాదక్కా," సుబ్బన్న ట్యాంకు అడుగున ఉన్న పైపు తడుముతూ అన్నాడు. "హీటర్లదే. కింద నీళ్ళు కాగి పొంగితే ఈడికొస్తాయి. తగ్గితే ఈడనుంచే దిగాల. సంవత్సరాలుగా ఇవే నీళ్ళు తిరుగుతాంటాయి, అందుకే ఎర్రగుండాయి. ఇవి ఎంత ఎర్రగుంటే మనకేం? తాగేదా, పోసుకునేదా?"

దీనమ్మ తల ఊపింది.

సుబ్బన్న బకెట్ కింద పెట్టి, రెండు రెంచీలు ఎదురెదురుగా పట్టి, పైపు అతుకు విప్పాడు. మర కిర్రుమని తిరిగింది. పైపు విడిపోయింది. పైన నిండా నీళ్ళున్న ట్యాంకు, కింద తెరుచుకున్న గొట్టం. ఒక చుక్క జారి బకెట్లో టప్ మంది. ఇంకో చుక్కకి చాలాసేపు పట్టింది.

"సూడక్కా. ఈన్నే ఉండాది రోగం." వంగిన తీగ ఒకటి గొట్టంలోకి పోనిచ్చి, కళ్ళు మూసుకుని వేళ్ళతో విన్నట్టుగా కాసేపు కదిపాడు. "తుప్పయితే గరగరమంటాది. ఇది మెత్తగుండాది. గుడ్డో ఏందో."

తీగ కొస కొక్కెంలా వంచి మళ్ళీ దూర్చాడు. తగిలించాడు, మెల్లిగా తిప్పాడు, లాగాడు. రాలేదు. మళ్ళీ తిప్పాడు. ఈసారి నల్లటి జిగురుతో కలిసి ఏదో కొస బయటికొచ్చింది. దాన్ని వేళ్ళతో పట్టి లాగేసరికి మొత్తం ఊడొచ్చి, వెనకే ఎర్రటి నీళ్ళు భళ్ళుమని బకెట్ నిండి, సుబ్బన్న బూట్ల మీంచి మేడంతా పారాయి. ఆయన నవ్వుతూ గెంతాడు. గబగబా పైపు అతుకు మూసి, గుడ్డని ఆ నీళ్ళలోనే జాడించి పైకెత్తాడు.

జాడిస్తే ముడి కనపడింది. ముడి కింద, మురికి పోయినచోట, పసుపు పూలు కనపడ్డాయి.

సుబ్బన్న ముడి వంక చూశాడు. ట్యాంకు అంచున పురికొస వంక చూశాడు. ఆపైన దీనమ్మ వంక చూడలేదు.

"పటిక కట్టినారా అక్కా? మాయమ్మ గూడా కుండలో తిప్పుతాండె." గుడ్డని పిండుతూ మెల్లిగా అన్నాడు. "పటిక కరిగిపాయ, మూట కుచించుకపాయ, తాడు తెగిపాయ. నీళ్ళు లాగినప్పుడు గొట్టంలోకి పోయి కూచున్యాది. కొంచెం కొంచెంగా నీళ్ళు తగ్గతా వచ్చి, ఆఖరికి ఆ పెద్దామె గది ఎండిపాయ. మంచికే చేసినావులే."

"బాబూ," అంది దీనమ్మ. ఇనప బల్ల అంచు పట్టుకుంది. వద్దంటున్నా ఫ్లోరెన్స్ మాటే చెవిలో పడుతోంది, తాడొక్కటే వేలాడతంది అని. పోతూపోతూ ఆ పిల్ల రోగం ఎక్కడుందో చేత్తో చూపించినట్టు చెప్పిపోయింది. నీ సంగతి చూసుకో అంది తను.

"దీనికేనా ఎవురో పిల్లను పంపించేసిరంట? డ్రైవరు చెప్తాండె."

దీనమ్మ తలొంచుకుంది. సుబ్బన్న నాలిక కరుచుకుని, పైపు మర మీద తెల్ల టేపు చుట్టడం మొదలుపెట్టాడు.

"నేను తుప్పు పట్టిందని చెప్తాలే. నీ పేరెందుకు దీంట్లో? గమ్మునుండక్కా. పోయిన పిల్ల ఎట్లా పాయ. నువ్వు గూడా పోతే ఆ పెద్దామెను ఎవురు చూస్తారు?"

గుడ్డ మడిచి ఆవిడ చేతిలో పెట్టాడు. దీనమ్మ తీసుకుంది. కాదని అనలేదు.

మళ్ళీ గదిలోకొచ్చి మర తిప్పితే బుస్సుబుస్సుమని గాలి ఉమ్మి, ఉమ్మి, చివరికి ఎర్రటి నీళ్ళు గ్లాసులో పడ్డాయి. సుబ్బన్న మర బిగించాడు. వేడి హీటరు అడుగు నుంచి మెల్లిగా పైకి పాకింది. లోపల టిక్కుటిక్కుమని ఇనుము విచ్చుకుంటున్న చప్పుడు. సాయంత్రం మామా వచ్చి హీటరు మీద చెయ్యి పెట్టి, "తుప్పు, మామా, తుప్పు" అన్న సుబ్బన్న మాట విని, సంతోషంగా ఆయన చేతిలో డబ్బు పెట్టి పంపించింది. ఎవరు మూశారన్న ప్రశ్న మళ్ళీ ఎవరూ అడగలేదు.

*

గది వెచ్చబడింది. పెద్దమామా దగ్గు తగ్గింది. దీనమ్మ మాత్రం ఆ రాత్రి తన పరుపు హీటరు దగ్గర వేసుకోలేకపోయింది. గుమ్మం పక్కకి జరుపుకుని పడుకుంది.

పొద్దున్న తల దువ్వబోతే పెద్దమామా దువ్వెన పట్టుకున్న చేతిని తోసేసింది. "వేన్ అల్ బింత్?" అంది. పిల్లేదీ అని. పెద్దమామా మళ్ళీ అడిగింది. కాసేపటికి మరిచిపోయి మళ్ళీ అడిగింది. మూడోసారి దీనమ్మ దువ్వెన మంచం మీద పడేసి లేచింది.

ముందు తన బట్టలన్నీ సంచీలో పెట్టుకుంది. పంపించేస్తారని తెలుసు, సిద్ధంగా ఉంటే మేలనుకుంది. తరవాత ఆ గుడ్డ తీసుకుని కిందకి దిగింది. మామా భోజనాల బల్ల దగ్గర ఫోను చూసుకుంటూ రొట్టె తింటోంది. దీనమ్మ గుడ్డని బల్ల మీద పెట్టకుండా రెండు చేతుల్తో పట్టుకునే నిలబడి, తనకి వచ్చిన అరబ్బీ అంతా పెట్టి చెప్పింది. ఈ గుడ్డ నాది. ట్యాంకులో కట్టింది నేను. పైపుకి అడ్డం పడింది ఇదే. ఫ్లోరెన్స్ తెరిచింది గాని మూయలేదు. అది నాకు ఆ రోజే తెలుసు, చెప్పలేదు. తప్పంతా నాది.

మామా రొట్టె నమలడం ఆపి గుడ్డ వంక చూసింది. అర్థం కావడానికి కొంచెం పట్టింది. అర్థమయ్యాక పక్కున నవ్వింది.

"పటికా? నీళ్ళు బాగుపడాలనా?" అని నుదురు కొట్టుకుంది. "మాలేష్ దీనా, మాలేష్. పోనీలే. కావాలని చేశావా ఏమన్నా? ఇందుకా ఏడుస్తున్నావు?"

దీనమ్మ ఏడుస్తున్నట్టు తనకే తెలియలేదు.

"ఫ్లోరెన్స్‌ని పిలిపించండి మామా. ఆ పిల్ల చెయ్యలేదు."

"మక్తబ్ వాళ్ళు ఎవరికో ఇచ్చేశారు. కబ్ద్‌లో తోటట. కాగితాలు కూడా మారిపోయాయి, ఖలాస్. పని దొరికిందిగా ఆమెకి, మంచిదే. రేపో ఎల్లుండో ఇంకో పిల్ల వస్తుంది." మామా లేచి, దీనమ్మ భుజం తట్టి, చేతిలో గుడ్డ తీసుకుని చెత్తబుట్టలో పడేసింది. "నువ్వు లేకపోతే ఆవిణ్ణి ఎవరు చూసుకుంటారు? పద, చాయ్ ఇవ్వు ఆవిడకి. యల్లా."

తిడితే బాగుండేది. చెంప మీద కొట్టినా బాగుండేదనిపించింది దీనమ్మకి. పైకొచ్చి సంచీలోంచి బట్టలు తీసి మళ్ళీ బీరువాలో పెట్టుకుంటుంటే, ఒక్కో చీరకీ ఆ మాటే చెవిలో పడుతోంది. మాలేష్. అంత తేలిగ్గా దొరికే మాట, ఆ పిల్లకి మాత్రం దొరకలేదు.

*

శుక్రవారం, అక్కడ సెలవు రోజు, చర్చిలో దీనమ్మ పక్కన ఫ్లోరెన్స్ కూర్చునే కుర్చీలో ఎవరో కొత్తామె కూర్చుంది. అందరూ కళ్ళు మూసుకుంటే తనూ మూసుకుంది గాని ప్రార్థన రాలేదు. ఇంటికొచ్చాక బట్టల బుట్ట పట్టుకుని మేడ మీదకెళ్ళి, చిన్న ట్యాంకు పక్కన నిలబడి ఫ్లోరెన్స్‌కి ఫోను చేసింది. అప్పటికి ఎన్నోసార్లు చేసింది, కలవలేదు. ఈసారి కలిసింది.

"ఆంటీ! మీరేనా? దేవునికి స్తోత్రమాంటీ!" ఆ పిల్ల గొంతు వెనక గాలి హోరూ, గొర్రెల అరుపులూ. "పెద్దమామాకెలా ఉందాంటీ? గది వెచ్చబడిందా?"

"వెచ్చబడిందే. నువ్వెలా ఉన్నావు?"

"ఉన్నానాంటీ. ఇక్కడ రేకుల గది. చలి మాత్రం చంపేత్తంది." కొంచెం ఆగి, గొంతు తగ్గించింది. "ఆంటీ, నేనే మూసేసుంటాను. తెరుద్దామనే తిప్పేను, నిజం. కానీ ఎటు తిప్పితే తెరుచుకుంటాదో నాకేం తెలుసు? ఇక్కడ చలికి వణుకుతుంటే ఆవిడే గుర్తొత్తంది. పెద్దావిణ్ణి అలా చలిలో పెట్టేసేను కదా అని. ఆ రోజు మీ మీద కూడా కోపమొచ్చిందాంటీ, మీరు చెప్పేరని. నన్ను క్షమించండి."

దీనమ్మ ఇనప బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

"నువ్వు మూయలేదే తల్లీ. తెరిచే ఉంచేవు. మూసింది నేను. నా పటిక మూట పైపులో పడిపోయింది. నువ్వు చెప్పేవు చూడు, తాడొక్కటే ఉందని. అదే. ఆ రోజు మామా దగ్గర నీ తరపున ఒక్క మాట చెప్పగలను, చెప్పలేదు. బుద్ధి గడ్డి తింది."

అవతల గొర్రెలు అరుస్తూనే ఉన్నాయి.

"మామాకి తెలుసా?"

"చెప్పేనే. నేనే ఎల్లి చెప్పేను."

"అయ్యో, ఎందుకు చెప్పేరాంటీ!" ఆ పిల్ల గొంతులో నిజంగానే భయం. "మిమ్మల్ని కూడా పంపేత్తన్నారా? ఎక్కడికి పంపుతారంట? ఏమన్నారాంటీ?"

దీనమ్మ ట్యాంకు మూత సర్దింది.

"చెప్పండాంటీ. ఏమన్నారు?"

"మాలేష్ అన్నారే."

"ఇంకా?"

"అంతే."

దీనమ్మ ఫోను చెవికి గట్టిగా నొక్కుకుని ఎదురు చూసింది. పోన్లెండాంటీ అంటుందని. ఎప్పుడూ అనే మాటే కదా, ఈ ఒక్కసారి అనకపోతుందా అని. గాలి హోరులో ఆ పిల్ల ఊపిరి వినపడుతోంది. దూరంగా ఎవరో మగ గొంతుతో, యల్లా, యల్లా అని కేకేశారు.

"పిలుత్తన్నారు," అంది ఫ్లోరెన్స్. ఫోను ఆగిపోయింది.

దీనమ్మ తీగ మీద ఇసక పట్టిన చున్నీ తీసి, దులిపి, మడిచి, బుట్టలో అన్నిటికన్నా అడుగున పెట్టింది. కింద గదిలోంచి పెద్దమామా పిలుపు వినపడింది. బుట్ట చంకనెత్తుకుని మెట్లు దిగింది.